కొత్త పరిశోధకుల వ్యాస బహుమతికి థీసిస్ చాప్టర్: 14,000 పదాల్లోంచి 8,000 ఎలా తీయాలి?

గైర్హాజరీ_పట్టిక (ప్రశ్న)

నమస్కారం అండీ. అంతర్జాతీయ సంబంధాల్లో కెరీర్ తొలి దశలో ఉన్నవాళ్ల కోసం ఒక జర్నల్ ఏటా ఇచ్చే వ్యాస బహుమతికి పంపాలనుకుంటున్నాను. గడువు ఇంకా ఆరు వారాలుంది. నిబంధనలు ఇవి: పీహెచ్‌డీ వచ్చి అయిదేళ్లు దాటకూడదు. 8,000 పదాలు మించకూడదు. ఇంతకుముందు ఎక్కడా అచ్చయి ఉండకూడదు. వ్యాసంలో రచయిత ఆనవాళ్లు కనిపించకూడదు. గెలిచిన వ్యాసం పీర్ రివ్యూ (అదే రంగం నిపుణుల పరిశీలన) అయ్యాక అదే జర్నల్లో వస్తుంది.

నా దగ్గరున్నది థీసిస్‌లో మూడో చాప్టర్. ఉక్రెయిన్ మీద 2022లో ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీలో పెట్టిన తీర్మానాలకు కొన్ని దేశాలు అటూ ఇటూ కాకుండా ఎందుకు అబ్‌స్టెయిన్ అయ్యాయన్నది విషయం. పొడవు 14,000 పదాలు: పరిచయం 900, సాహిత్య సమీక్ష 3,500, సిద్ధాంతం 2,500, డేటా-పద్ధతి 1,900, మూడు దేశాల కేసులు 4,400, ముగింపు 800.

సందేహాలు నాలుగు. ఎక్కడ కోయాలి? పేరు తీసేస్తే అనామకం అయిపోయినట్టేనా? ఇదే వ్యాసాన్ని ఈలోగా ఇంకో జర్నల్‌కు కూడా పంపొచ్చా? వైవా జరిగి అయిదేళ్లు దాటింది కానీ, డిగ్రీ ప్రదానం చేసిన తేదీ నుంచి లెక్కేస్తే నాలుగేళ్ల పది నెలలే. అర్హత ఉన్నట్టా, లేనట్టా?

మూడో_రీడర్

ముందు కత్తెర పక్కన పెట్టండి. మీరు పంపుతున్నది ఏ రకం బహుమతో చూసుకుంటే సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి. ఈ రంగంలో "ఎర్లీ కెరీర్" అన్న ముద్రతో తిరిగే బహుమతులన్నీ ఒక జాతివి కావు. బ్రిటిష్ ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ ఇచ్చే మైకేల్ నికల్సన్ బహుమతి, అమెరికన్ పొలిటికల్ సైన్స్ అసోసియేషన్ ఇచ్చే మెర్జ్ టేట్ అవార్డు థీసిస్‌కు ఇచ్చేవి. ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్ జర్నల్ ఇచ్చే రాబర్ట్ కియోహేన్ అవార్డు, ఇంకా టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) రాని పరిశోధకులు ఆ జర్నల్లో అచ్చు వేసుకున్న వ్యాసాలకే. ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ వారి కార్ల్ డాయిష్ అవార్డు నలభై ఏళ్ల లోపువాళ్లకు, లేదా డాక్టరేట్ వచ్చి పదేళ్లు దాటనివాళ్లకు, మొత్తం పరిశోధన చూసి ఇస్తారు. మీరు చెప్పింది వీటన్నిటికీ భిన్నం. అచ్చు కాని వ్యాసాన్ని, పేరు తెలియకుండా, విడిగా చదివే పోటీ ఇది. మీ థీసిస్ ఎంత గొప్పదో, మీ గైడ్ ఎవరో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆ 8,000 పదాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలి.

చాప్టర్‌ను కుదించి పంపితే తేలిపోయేది ఇక్కడే. థీసిస్ చాప్టర్ రాసేది పరీక్షకుల కోసం. "నేను అన్నీ చదివాను" అని వాళ్లకు రుజువు చూపాలి, అందుకే మీ సాహిత్య సమీక్ష 3,500 పదాలుంది. జడ్జిల కమిటీలో మీ ఉపశాఖ తెలిసినవాళ్లు ఒకరుంటే గొప్ప. మిగతావాళ్లు రాజకీయార్థిక శాస్త్రమో, భద్రతా అధ్యయనాలో, సిద్ధాంతమో చేసేవాళ్లు. మీరు ఏం చదివారన్నది వాళ్లకు అక్కర్లేదు. ఏ చిక్కుముడి విప్పుతున్నారో మొదటి రెండు పేజీల్లో దొరకాలి, అంతే.

కాబట్టి పాత ఫైలు తెరిచి వాక్యాలు కొట్టేస్తూ కూర్చోకండి. ఖాళీ ఫైలు తీయండి. పైన ఒకే వాక్యంలో మీ వాదన రాయండి. దానికి అవసరమైనది మాత్రమే చాప్టర్‌లోంచి తెచ్చుకోండి. నా లెక్క ప్రకారం పంపకం ఇలా ఉండొచ్చు: పరిచయం 900, అందులోనే కాక విడిగా సాహిత్యానికి 700, సిద్ధాంతం 1,400, డేటా 700, అసలు ఫలితాలు 3,000, పోటీ వివరణలు 800, ముగింపు 500. మీ చాప్టర్‌లో పోటీ వివరణలకు విడిగా భాగమే లేదని గమనించారా? థీసిస్‌లో అది మూడు కేసుల మధ్య చెదిరిపోయినా నడుస్తుంది. ఇక్కడ నడవదు.

మూడు కేసులూ ఉంచాలన్న ఆశ వదులుకోండి. ఒక్కో దేశానికి వెయ్యి పదాలిస్తే మూడూ వార్తా కథనాల్లాగే ఉంటాయి. ఒక్క దేశాన్ని లోతుగా తీసుకోండి, లేదా కేసులు వదిలేసి ఓటింగ్ సరళి మొత్తాన్నీ చూపండి. నేనైతే రెండోదే అంటాను.

సాహిత్య సమీక్షను 700కి దించడానికి ఒక చిట్కా. "ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు" అన్న వరసను పూర్తిగా వదిలేసి, మీ ప్రశ్నకు ఇప్పటిదాకా ఉన్న సమాధానాలు ఎన్ని అని లెక్కపెట్టండి. సాధారణంగా రెండో మూడో తేలతాయి. ఒక్కో సమాధానానికి ఒక పేరా. ఆ సమాధానం దేన్ని వివరించలేకపోతోందో పేరా చివరి వాక్యంలో చెప్పండి. ఎవరి పేరు ఆ పేరాల్లో ఇమడలేదో వాళ్లు మీ వ్యాసానికి అవసరం లేదన్నమాట.

ఫుట్‌నోట్_పురుగు

పై పంపకం బాగుంది గానీ అందులో ఒక గుంట ఉంది. 8,000లో ఫుట్‌నోట్లు, రిఫరెన్సులు కలుస్తాయా లేదా? నిబంధనల్లో "అన్నీ కలుపుకుని" అని ఉంటే మూడో_రీడర్ గారి లెక్క వెయ్యి పదాలు పైకి పోతుంది. ఒక్కో రిఫరెన్సు సగటున 20 నుంచి 25 పదాలు తింటుంది. 45 రిఫరెన్సులుంటే అక్కడే దాదాపు 1,000. బ్రాకెట్లలో పేరు-సంవత్సరం పద్ధతైతే అవీ పదాలే. ఒకే వాక్యానికి నాలుగు పేర్లు తగిలించే అలవాటు థీసిస్‌లో అందరికీ పడుతుంది. 150 చోట్ల మూడేసి పదాలంటే 450 పోయాయి. నిబంధన స్పష్టంగా లేకపోతే కలుస్తాయనే అనుకుని రాయండి.

వర్డ్‌లో కింద కనిపించే సంఖ్యను గుడ్డిగా నమ్మకండి. దాని మీద నొక్కితే వచ్చే పెట్టెలో టెక్స్ట్‌బాక్సులు, ఫుట్‌నోట్లు, ఎండ్‌నోట్లు కలపాలా అని ఒక టిక్కు ఉంటుంది. టిక్కు పెట్టినప్పుడు, తీసినప్పుడు వచ్చే రెండు సంఖ్యలూ రాసిపెట్టుకోండి. జోటెరో (రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్) వేసే రిఫరెన్సు జాబితా మామూలు పాఠం లాగే లెక్కలోకి వస్తుంది. పట్టికల్లోని అంకెలు కూడా. బొమ్మగా అతికించిన పట్టిక లెక్కలోకి రాదు కదా అని తెలివితేటలకు పోవద్దు. చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది, చిరాకు కూడా పుడుతుంది.

ఇక అనామకం సంగతి. మొదటి పేజీలో పేరు తీసేయడం పదో వంతు పని.

వర్డ్ ఫైలైతే ఫైల్ మెనూలో ఇన్ఫో, అక్కడ చెక్ ఫర్ ఇష్యూస్, అందులో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్. కామెంట్లు, ట్రాక్ చేంజెస్, డాక్యుమెంట్ ప్రాపర్టీస్ మూడూ తీయించండి. ముందు కాపీ తీసుకుని ఆ కాపీ మీదే చేయండి, ఎందుకంటే తీసేసినవి కొన్ని వెనక్కి రావు. ఆ తర్వాత పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్ ప్రాపర్టీస్ మళ్లీ తెరిచి చూడండి. వర్డ్ బదులు లేటెక్‌లో టైప్‌సెట్ చేసేవాళ్లు హైపర్‌రెఫ్ ప్యాకేజీ రచయిత పేరును పీడీఎఫ్‌లోకి ఎక్కించిందేమో చూసుకోవాలి. ఫైలు పేరులో ఇంటిపేరు పెట్టి పంపేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

స్వీయ ఉల్లేఖన దగ్గర చాలామంది జారతారు. "నా మునుపటి వ్యాసంలో చూపినట్టు" అన్న వాక్యాన్ని అలా వదలకూడదు. దాన్ని "రచయిత, 2021" అని మూసేసినా ముసుగు కనిపిస్తూనే ఉంటుంది. మీ పేరునే ఎవరో పరాయి పరిశోధకుడి పేరులా ప్రథమ పురుషలో రాసేయడం మేలు: "ఫలానావారు చూపినట్టు" అని, జాబితాలో మామూలుగా. నిబంధనలు ప్రత్యేకంగా మూసేయమంటే తప్ప ఇదే పద్ధతి. కృతజ్ఞతలు, నిధులిచ్చిన సంస్థ పేరు, "ఈ చాప్టర్‌లో" అన్న మాట, అన్నీ పోవాలి. "చాప్టర్" అన్న మాట ఒక్కటి మిగిలినా వ్యాసం మొత్తం థీసిస్ తునక అని తెలిసిపోతుంది.

శీర్షిక కూడా మార్చండి. ఏదైనా సదస్సు కార్యక్రమ పత్రంలో ఇదే శీర్షికతో మీ పేరుంటే గూగుల్‌లో ఒక్క వెతుకులాట చాలు. డేటా, కోడ్ పంపమంటే, పరిశోధన ఫైళ్లు పంచుకునే వేదిక ఓఎస్‌ఎఫ్‌లో అనామక వ్యూ-ఓన్లీ లింకు తీయొచ్చు, అది పేరు చూపించదు. కానీ కోడ్ ఫైలు మొదటి వరసలో ఫోల్డర్ దారి ఉంటుంది చూడండి, యూజర్స్ తర్వాత మీ పేరు. అది అందరూ మర్చిపోతారు.

డేటా_గుమాస్తా

కోత, ముసుగు సంగతులు పైవాళ్లు చెప్పారు. నేను విషయంలోకే వెళ్తాను, ఎందుకంటే మీ అంశం మీద చదివేవాళ్లు మొదట వెతికే తప్పు ఒకటుంది. మీ హ్యాండిల్ చూస్తే ఆ తప్పు మీరు చేయరనుకుంటాను, అయినా చెప్తున్నా.

అబ్‌స్టెయిన్ కావడం వేరు, గైర్హాజరు వేరు. మన పత్రికలు రెండింటినీ "ఓటింగ్‌కు దూరంగా ఉంది" అని ఒకే గాటన కట్టేస్తాయి, ఆ అలవాటు వ్యాసంలోకి పాకుతుంది. 2022 మార్చి 2న రష్యా దురాక్రమణను గర్హించిన ఈఎస్-11/1 తీర్మానానికి అనుకూలం 141, వ్యతిరేకం 5, అబ్‌స్టెయిన్ 35. కలిపితే 181. సభ్యదేశాలు 193. మిగిలిన 12 ఓటే వేయలేదు. ఆ 12 కూడా ఒకలాంటివి కావు. వెనిజులాకు ఆ రోజు ఓటు హక్కే లేదు. ఐరాస చార్టర్ 19వ అధికరణం ప్రకారం రెండేళ్ల చందాకు సమానమైన లేదా అంతకు మించిన బకాయి పడ్డ దేశం జనరల్ అసెంబ్లీలో ఓటు కోల్పోతుంది. మొరాకో పరిస్థితి అది కాదు, ఓటుండీ వేయలేదు. ఈ రెంటినీ "మౌనం" అనే ఒకే పెట్టెలో వేస్తే తెలిసిన జడ్జి అక్కడే ఆగిపోతారు.

రాజనీతి శాస్త్రవేత్త ఎరిక్ వోటెన్ నిర్వహించే జనరల్ అసెంబ్లీ ఓట్ల డేటా వాడుతుంటే కోడ్లు గుర్తుంచుకోండి: అనుకూలం 1, అబ్‌స్టెయిన్ 2, వ్యతిరేకం 3, గైర్హాజరు 8, అప్పటికి సభ్యదేశం కాకపోతే 9. ఈ 8, 9లను ముందే ఏరి పారేయకుండా సగటు తీస్తే, తరచూ గైర్హాజరయ్యే చిన్న దేశాలన్నీ ఘోర వ్యతిరేకుల్లా కనిపిస్తాయి. గ్రాఫు చూడటానికి భలే ఆసక్తికరంగా ఉంటుంది కూడా, అదే ప్రమాదం. బెయిలీ, స్ట్రెజ్నెవ్, వోటెన్ 2017లో ఇచ్చిన ఐడియల్ పాయింట్ పద్ధతిలో (ఓట్లను బట్టి ఒక్కో దేశం వైఖరిని ఒక గీత మీద బిందువుగా అంచనా వేసేది) అబ్‌స్టెయిన్‌ను అనుకూలానికీ వ్యతిరేకానికీ మధ్య మెట్టుగా తీసుకుంటారు. మీ వాదన "అబ్‌స్టెయిన్ కావడం మధ్య మెట్టు కాదు, వేరే పనిచేసే ఓటు" అన్నదైతే, ఆ కొలతనే ఆధారంగా వాడటం మీ కాళ్లు మీరు నరుక్కోవడమే. వాడితే ఎందుకు వాడుతున్నారో రెండు వాక్యాలు రాయండి.

తీర్మానం వారీగా ఎవరు ఎటు వేశారన్నది ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉంటుంది. ఓటుకు ముందూ వెనకా దేశాలు ఇచ్చుకున్న వివరణలు సమావేశాల మాటకు మాట నమోదు పత్రాల్లో, అంటే పీవీ రికార్డుల్లో ఉంటాయి. మీ కేసుల భాగంలో పత్రికల్లో వచ్చిన మాటల బదులు అవి ఉల్లేఖిస్తే బరువే వేరు.

గైర్హాజరీ_పట్టిక

అందరికీ కృతజ్ఞతలు. కేసులు మూడూ తీసేసి ఓటింగ్ సరళి వైపు వెళ్లాను. మొదటి పేరా మళ్లీ రాశాను, దాని తెలుగు సారం ఇది. మొహమాటం లేకుండా చెప్పండి:

"2022 మార్చి 2న రష్యా దురాక్రమణను గర్హిస్తూ జనరల్ అసెంబ్లీ చేసిన తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 35 అబ్‌స్టెయిన్ అయ్యాయి. అయిదు వారాల తర్వాత, ఏప్రిల్ 7న, మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేసే తీర్మానానికి అనుకూలంగా వచ్చినవి 93 ఓట్లే. వ్యతిరేకం 24. అబ్‌స్టెయిన్ 58. యుద్ధం ఆగలేదు, నెమ్మదించలేదు. మరి 58 దేశాలు తమ వైఖరి ఎందుకు మార్చుకున్నాయి?"

ఎర్రసిరా

మొదటి అయిదు వాక్యాలకు ఢోకా లేదు. మామూలుగా ఇలాంటి వ్యాసాలు "మారుతున్న ప్రపంచ క్రమంలో ఐరాస పాత్ర నానాటికీ" అంటూ మొదలై మూడో పేజీకి గానీ ఓటు దగ్గరికి రావు. చివరి వాక్యం మాత్రం తప్పు, అదీ మామూలు తప్పు కాదు.

వైఖరి మార్చుకున్నవి 58 దేశాలు కావు. 58లో కొన్ని దేశాలు మార్చిలోనూ అబ్‌స్టెయిన్ అయినవే, ఉదాహరణకు భారత్, దక్షిణాఫ్రికా. అసలు కదలిక ఎక్కడుందో లెక్కేయండి. అనుకూలం 141 నుంచి 93కి, అంటే 48 తగ్గాయి. వ్యతిరేకం 5 నుంచి 24కి, 19 పెరిగాయి. అబ్‌స్టెయిన్ 35 నుంచి 58కి, 23 పెరిగాయి. ఓటు వేయనివి 12 నుంచి 18కి, 6 పెరిగాయి. 19, 23, 6 కలిపితే 48, లెక్క సరిపోయింది. కానీ ఇవి నికర సంఖ్యలు. లోపల రాకపోకలు ఇంతకంటే ఎక్కువ. బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా, సౌదీ అరేబియా, యూఏఈ అనుకూలం నుంచి అబ్‌స్టెయిన్‌కు వచ్చాయి. చైనా అబ్‌స్టెయిన్ నుంచి వ్యతిరేకానికి వెళ్లింది. మీ వ్యాసానికి గుండెకాయ లాంటి పట్టిక ఇదే: అడ్డంగా మార్చి ఓటు, నిలువుగా ఏప్రిల్ ఓటు, నాలుగు బై నాలుగు గళ్లు. ఈ ఒక్క పట్టికకు అర పేజీ ఇచ్చినా నష్టం లేదు, మూడు కేసుల కంటే ఎక్కువ చెప్తుంది.

ఇంకోటి. అబ్‌స్టెయిన్ ఓటు ఏం పని చేసిందో మీరు చెప్పనే లేదు. మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేసిన 2006 నాటి 60/251 తీర్మానం ప్రకారం సస్పెన్షన్‌కు "హాజరై ఓటేసిన" సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. జనరల్ అసెంబ్లీ నియమావళిలో అబ్‌స్టెయిన్ అయినవాళ్లు ఓటేసినట్టు కాదు. కాబట్టి లెక్కకొచ్చినవి 93, 24 కలిపి 117 మాత్రమే. కావలసింది 78, వచ్చింది 93. ఇప్పుడు తిరగేసి చూడండి. ఆ 58లో 23 దేశాలు వ్యతిరేకంగా వేసి ఉంటే మొత్తం 140, వ్యతిరేకం 47, అనుకూలం 93. 140లో మూడింట రెండు వంతులు 93.3. తీర్మానం ఓడిపోయేది. 22 దేశాలు వేసి ఉంటే మాత్రం గట్టెక్కేది. అంటే "దూరంగా" ఉన్నవాళ్లే సస్పెన్షన్‌కు దారి వదిలారు. జడ్జి పెన్ను తీసి మార్జిన్‌లో గీత గీసేది ఇలాంటి చోటే. మీ చాప్టర్‌లో ఇది ఫుట్‌నోట్‌లోనైనా ఉండే ఉంటుంది, వెతికి మొదటి పేజీకి తెచ్చుకోండి.

ఒక హెచ్చరిక: ఇక్కడ రెండు 23లు వచ్చాయి. అబ్‌స్టెయిన్లు పెరిగింది 23, ఓడించడానికి మారాల్సిన ఓట్లూ 23. ఇది కేవలం కాకతాళీయం. ఒకే పేజీలో రెండూ రాస్తే చదివేవాళ్లు ముడిపెట్టేస్తారు. ఒకదాన్ని ఫలితాల భాగానికి నెట్టేయండి.

పోటీ వివరణలకు 800 పదాలని మూడో_రీడర్ గారన్నారు కదా. మీకు మొదట ఎదురయ్యేది "అలసట" వాదన: రోజులు గడిచేకొద్దీ దేశాలకు ఆసక్తి తగ్గింది, అందుకే ఓట్లు తగ్గాయి అని. దాన్ని మాటలతో ఖండించకండి, మరో రెండు ఓట్లు పక్కన పెట్టండి. ఉక్రెయిన్ ప్రాంతాలు తనవంటూ రష్యా చేసిన విలీన ప్రకటనలను తిరస్కరిస్తూ అక్టోబరు 12న వచ్చిన ఈఎస్-11/4: అనుకూలం 143, వ్యతిరేకం 5, అబ్‌స్టెయిన్ 35. నష్టపరిహారం మీద నవంబరు 14న వచ్చిన ఈఎస్-11/5: 94, 14, 73. ఏడు నెలలు గడిచాక మద్దతు మార్చి స్థాయికి తిరిగొచ్చి, నెల దాటగానే మళ్లీ పడిపోయింది. అలసటైతే ఇలా ఎగుడుదిగుడుగా ఉండదు. ప్రాదేశిక సమగ్రత అనే సూత్రాన్ని ప్రకటించే తీర్మానాలకు 140 దరిదాపుల్లో, శిక్షో పర్యవసానమో ఉన్న తీర్మానాలకు 93-94. నాలుగు ఓట్లతో సాధారణ సూత్రం కట్టేయలేం, నిజమే. ఆ మాట మీరే ముందుగా ఒప్పుకోండి.

2011 మార్చి 1న లిబియాను ఇదే మండలి నుంచి సస్పెండ్ చేసినప్పుడు ఓటింగే లేకుండా ఏకాభిప్రాయంతో అయిపోయింది. ఈ పోలిక ఒక పేరాకు పనికొస్తుంది, అంతకు మించి లాగకండి. రష్యా భద్రతా మండలి శాశ్వత సభ్యదేశం, లిబియా కాదు. ఈ తేడా ఒక్కటే చాలు పోలికను కూల్చడానికి.

మూడో_రీడర్

ఎర్రసిరా గారి లెక్క చూశాక నా పంపకం సవరిస్తున్నా. సిద్ధాంతానికి 1,400 అక్కర్లేదు, వెయ్యిలో అయిపోతుంది. సాహిత్యం 500. ముగింపు 400. అప్పుడు ఫుట్‌నోట్_పురుగు గారు అడిగిన వెయ్యిలో 700 దొరికాయి. మిగతా 300 రిఫరెన్సుల్లోనే తగ్గించుకోవచ్చు, ఒక్కో వాక్యానికి ఒక్క ఉల్లేఖన చొప్పున.

నిబంధనల_చిట్టా

మిగిలిన రెండు ప్రశ్నలకు నేను.

రెండు చోట్లకు పంపొచ్చా అంటే, పంపకూడదు. గెలిచిన వ్యాసం తమ జర్నల్లో వేస్తామన్న పోటీకి పంపడమంటే ఆ జర్నల్‌కు సబ్మిట్ చేసినట్టే లెక్క. ఒకే వ్యాసం ఒకేసారి రెండు జర్నళ్ల పరిశీలనలో ఉండటాన్ని దాదాపు ఏ జర్నలూ ఒప్పుకోదు. ఎడిటర్లు అడిగే రివ్యూయర్లు రెండు చోట్లా వాళ్లే అయ్యే అవకాశం ఈ రంగంలో చాలా ఎక్కువ, దొరికిపోవడం కూడా అలాగే జరుగుతుంది. ఫలితాలు ఎప్పుడిస్తారో నిబంధనల్లో లేకపోతే రాసి అడగండి. మీ ఉద్యోగ దరఖాస్తుల కాలం అందులో కరిగిపోకూడదు.

థీసిస్ విశ్వవిద్యాలయ రిపాజిటరీలో ఉండటాన్ని చాలా జర్నళ్లు ముందస్తు ప్రచురణగా చూడవు. ఎస్ఎస్ఆర్ఎన్‌లోనో సోషార్కైవ్‌లోనో ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో ఉంచే ప్రతి) పెట్టి ఉంటే మాత్రం పోటీ నిబంధన వేరుగా ఉండొచ్చు, అనామకానికీ అది దెబ్బే. కొత్తగా పెట్టాలనుకుంటే ఫలితాలు వచ్చేదాకా ఆగండి.

అర్హత తేదీ: మీరు తేల్చుకోవద్దు. వైవా తేదీ, దిద్దుబాట్లు ఆమోదించిన తేదీ, డిగ్రీ ప్రదానం చేసిన తేదీ మూడూ వేరు. నిబంధనలో ఏ మాట వాడారో చూడండి. "అవార్డ్" అని ఉంటే చాలావరకు పత్రం మీదున్న తేదీయే. "పూర్తి" అని ఉంటే వివాదమే. ఒక చిన్న ఈమెయిల్ రాయండి: మూడు తేదీలూ ఇచ్చి, దేన్ని లెక్కలోకి తీసుకుంటారని, అయిదేళ్లు గడువు తేదీ నాటికా లేక ప్రకటన తేదీ నాటికా అని. జవాబు దాచిపెట్టుకోండి. ఒకటి మాత్రం జాగ్రత్త: ఈమెయిల్‌లో వ్యాసం శీర్షిక, అంశం రాయకండి. జవాబిచ్చే వ్యక్తే జడ్జిలకు ఫైళ్లు పంపేవారై ఉండొచ్చు. ప్రసూతి సెలవో, అనారోగ్యమో, సంరక్షణ బాధ్యతలో ఉంటే ఆ కాలాన్ని తీసేసి లెక్కించే పోటీలు చాలా ఉన్నాయి. అడిగితేనే వర్తింపజేస్తారు. సహరచయిత ఉంటే అందరూ అర్హులై ఉండాలన్నది మామూలు నిబంధన. గైడ్ పేరు మర్యాద కోసం చేర్చారంటే అర్హత పోయినట్టే.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం: ప్రవేశ రుసుము అడిగేవి, జడ్జిల పేర్లు, గత విజేతల పేర్లు ఎక్కడా చూపనివి, పాల్గొన్న అందరికీ సర్టిఫికెట్ ఇస్తామనేవి, పంపిన ప్రతి వ్యాసం మీదా హక్కులు తమవేననేవి వదిలేయండి. గెలిచిన వ్యాసం హక్కులు అడగడం సరే. ఓడిన వ్యాసం హక్కులు వాళ్లకెందుకు?

గైర్హాజరీ_పట్టిక

ఈమెయిల్ రాశాను, పత్రం మీదున్న తేదీయే లెక్క అన్నారు. పట్టిక గీశాను. నాలుగు బై నాలుగులో కొన్ని గళ్లు సున్నా వచ్చాయి, ఒకట్రెండు గళ్లలో ఒక్కో దేశమే ఉంది. ఇలా ఉంటే పట్టిక బలహీనంగా కనిపిస్తుందా? ఇంకా, ఎవరికైనా చదవమని ఇవ్వాలంటే ఎవరికివ్వాలి?

ఎర్రసిరా

సున్నాలూ ఫలితాలే, ఉంచండి. ఒక్క దేశమే ఉన్న గడిలో అంకె బదులు ఆ దేశం పేరు రాయండి, చదివేవాళ్లకు పట్టిక వెంటనే ప్రాణం పోసుకుంటుంది. కై-స్క్వేర్ లాంటి గణాంక పరీక్షలు అక్కడ పెట్టకండి. ఇది నమూనా కాదు, ఓటర్ల పూర్తి జాబితా. గళ్లు ఇంత పల్చగా ఉన్నప్పుడు ఆ పరీక్ష నిలబడదు కూడా.

చదవడానికి మీ ఉపశాఖ కానివారికి ఒకరికి ఇవ్వండి. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు. మొదటి రెండు పేజీలే ఇచ్చి, కాగితం వెనక్కి తీసుకుని, "నా వాదన ఒక్క వాక్యంలో చెప్పండి" అని అడగండి. వాళ్లు చెప్పిన వాక్యం, మీరు ఖాళీ ఫైలు పైన రాసుకున్న వాక్యం పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలవకపోతే దిద్దాల్సింది ఆ రెండు పేజీలనే. ఇది నాలుగో వారం చివరికి అయిపోవాలి. అయిదో వారం కోతకు, ఆరో వారం రిఫరెన్సులకు, అనామకానికి. చివరి వారంలో కొత్త వాదన ఏదీ చేర్చకండి, అది ఎంత మెరిసినా సరే.

ఫుట్‌నోట్_పురుగు

గడువు రోజు "23:59" అని ఉంటే అది ఏ దేశపు గడియారమో చూసుకోండి. లండన్ సమయమైతే మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గంట అటూ ఇటూ జరుగుతుంది. "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని ఉంటే అది యూటీసీకి పన్నెండు గంటలు వెనక. ఒకరోజు ముందే అప్‌లోడ్ చేసి, పోర్టల్ తయారుచేసిన పీడీఎఫ్‌ను తిరిగి దించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చూడండి. కొన్ని పోర్టళ్లు పేరుతో సహా కవర్ పేజీని వాటంతట అవే ముందు తగిలిస్తాయి. అది జడ్జిలకు వెళ్లే ప్రతిలోనూ ఉంటుందా అని అడగాల్సిందే.

ఆ నాలుగు బై నాలుగు పట్టికలో అన్ని గళ్లూ కూడితే 193 రావాలి. వస్తోందా?

గైర్హాజరీ_పట్టిక

192 వచ్చింది. వెనిజులాను ఎక్కడా వేయలేదు. సరిచేస్తున్నా.